నవాహో నేతలో మారినవి, మారనివి

అమెరికా ఆదిమ జాతులలో ఒకటైన నవాహోల కంబళి ఎదుట నిలబడినప్పుడు దాని రంగులకంటే ముందు అంచులను చూడాలని నా అభిప్రాయం. సాధారణంగా చేనేత బట్టకు రెండు పక్కలా అంచు ఉంటుంది కాని, మగ్గం నుంచి కోసి తీసిన రెండు చివరలా పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, తెగి కుచ్చులుగా వేలాడతాయి, లేదా వాటిని మడిచి కుట్టవలసి వస్తుంది. నవాహో కంబళిలో ఆ తెగిన పోగు కనిపించదు. దానికి నాలుగు వైపులా అంచే, ఎందుకంటే దాని పడుగు మొత్తం ఎక్కడా తెగని ఒకే దారం. గాలప్ త్రో అని పిలిచే చిన్న, చవక రకాలలో మాత్రమే ఒక చివర కుచ్చులు వదులుతారు. ఈ ఒక్క లక్షణాన్ని అర్థం చేసుకుంటే మిగిలిన కథలో సగం అర్థమైనట్టే అని నేను నమ్ముతాను. మూడు శతాబ్దాలుగా ఆ మగ్గం మీదికి ఎక్కిన ఉన్ని మారింది, రంగు మారింది, కొనేవారు మారారు, నేసిన వస్తువు వాడకమే మారిపోయింది. మగ్గం మాత్రం మారలేదు.

అమెరికాలోని అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాలలో 70 వేల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన నవాహో దేశమనే స్వపరిపాలనా ప్రాంతపు ప్రజలు తమను తాము దినే అని పిలుచుకుంటారు. వారిలో నేత ప్రధానంగా స్త్రీల విద్య. మగ్గం బిగించే పని నేల మీద మొదలవుతుంది. రెండు కర్రలను కావలసినంత దూరంలో ఒక చట్రానికి కట్టి, గట్టిగా మెలితిప్పి వడికిన దారాన్ని వాటి చుట్టూ 8 అంకె ఆకారంలో ఆగకుండా చుట్టుకుంటూ పోతారు. చుట్టడం పూర్తయ్యాక, పోగుల మధ్య ఎడం చెదరకుండా, రెండు చివరలా కొంచెం లావుపాటి దారాలను మెలివేస్తూ అల్లుతారు; రేపు కంబళికి పై అంచు, కింది అంచు అయ్యేవి ఆ దారాలే. తర్వాత ఈ పడుగునంతా లేపి, నిలువుగా పాతిన రెండు గుంజల మధ్య, పైన ఒక దూలానికీ కింద ఒక దూలానికీ తాళ్లతో బిగించి కడతారు. పడుగు ఎంత పొడవుంటే కంబళి అంతే పొడవు ఉంటుంది. నేయడం మొదలుపెట్టాక దానిని పెంచడానికి గాని, మధ్యలో కోసి ముగించడానికి గాని వీలులేదు.

ఈ మగ్గానికి పేకను, అంటే అడ్డదారాన్ని, అటూ ఇటూ నడిపే నాడె లేదు, కాలితో తొక్కే పలకలు లేవు. ఒక పోగు విడిచి ఒక పోగును దారపు ఉచ్చులతో పట్టుకున్న కర్ర ఒకటి, మిగిలిన పోగుల వెనుక దూర్చిన కర్ర ఒకటి, ఈ రెంటితోనే పడుగులో సందు తెరుచుకుంటుంది. ఆ సందులోకి వెడల్పాటి నున్నని కర్రబద్దను దూర్చి, పక్కకు తిప్పి నిలబెట్టి, ఏ రంగు ఎంత మేరకు కావాలో అంతవరకే పేకను వేళ్లతో పరచి, చెక్క దువ్వెనతో కిందికి దిగ్గొడతారు. పేక పడుగును పూర్తిగా కప్పేసేంత దట్టంగా దిగాలి. అందుకే ఈ నేతలో కంటికి కనిపించేదంతా పేకే. నేతగత్తె మగ్గం ముందు నేల మీద కూర్చుంటుంది. నేత చెయ్యి అందనంత ఎత్తుకు చేరినప్పుడు పైతాళ్లను వదులు చేసి, నేసిన భాగాన్ని మడిచి కింది దూలానికి కుట్టి, మళ్లీ బిగిస్తుంది. వెడల్పాటి కంబళి నేసేటప్పుడు ప్రతి వరుసకూ ఈ చివరి నుంచి ఆ చివరికి జరగకుండా, ముందు ఒక భాగంలో కొన్ని వరుసలు నేసి, ఆ తర్వాత పక్క భాగానికి వెళుతుంది. అలా రెండు భాగాలు కలిసిన చోట ఏటవాలుగా సన్నని గీత మిగులుతుంది. పాత కంబళ్లను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని లోపమనుకునేవారు ఉన్నారు గాని, నాకు అవి నేసిన మనిషి ఎక్కడ కూర్చుందో, చెయ్యి ఎంత దూరం చాచిందో తెలిపే ఆనవాళ్లు.

సంప్రదాయ పద్ధతిలో నమూనా కాగితం మీద ఉండదు. ఎడమవైపున ఎన్ని పోగులు ఎక్కితే కుడివైపున అన్నే ఎక్కాలి, నడిమి గీత దాటాక కింది సగం పైన తలకిందులుగా మళ్లీ రావాలి, అదంతా పడుగు పొడవులో సరిగ్గా ముగియాలి. ఈ లెక్క నేతగత్తె తలలోనే సాగుతుంది. చివరి కొన్ని అంగుళాలు అన్నిటికంటే కష్టం. పై అంచు దగ్గర పడేకొద్దీ పడుగులో సందు ఇరుకైపోతుంది. వెడల్పు బద్దను తీసి సన్న బద్దను, తర్వాత పుల్లను వాడుతూ, కడకు ఉచ్చుల కర్రను కూడా తొలగించి, పొడవాటి సూదితో ఒక్కొక్క పోగు పైనుంచి, కిందినుంచి పేకను దూర్చవలసి వస్తుంది. యంత్రాలలో ఇలా నాలుగు అంచుల కంబళిని నేయడం లాభసాటి కాదు కాబట్టి ఆ అంచు నేటికీ చేతిపనికి నమ్మదగిన సాక్ష్యంగా నిలిచింది.

ఈ విద్య ఎవరు నేర్పారన్న ప్రశ్నకు దినే ప్రజల సమాధానం సాలీడు తల్లి అనే దేవత. ఆమెకు మగ్గం చేసి ఇచ్చినవాడు ఆమె భర్త. ఆ మగ్గపు దూలాలు ఆకాశపు తాళ్లతో, భూమి తాళ్లతో చేసినవని, పడుగు కర్రలు సూర్యకిరణాలని, బద్ద సూర్యుని చుట్టూ ఏర్పడే పరివేషమని, దువ్వెన తెల్లని గవ్వతో చేసినదని చెబుతారు. అరిజోనాలోని కాన్యన్ డి షే అనే లోయలో రెండు వందల మీటర్లకు పైగా నిట్టనిలువుగా నిలిచిన ఇసుకరాతి స్తంభం ఆమె నివాసం. చరిత్రకారులు చెప్పేది మరొకటి: 17వ శతాబ్దంలో నవాహోలు తమ ఇరుగుపొరుగున ఉన్న ప్యూబ్లో ప్రజల నుంచి ఈ నిలువు మగ్గాన్ని నేర్చుకున్నారు. 1680లో ప్యూబ్లోలు స్పానిష్ పాలనపై తిరగబడి, 1692లో స్పానిష్ సైన్యం తిరిగివచ్చాక, అనేక ప్యూబ్లో కుటుంబాలు నవాహోల మధ్య తలదాచుకున్నాయి. ప్యూబ్లోలలో నేసేది పురుషులు. నవాహోల చేతికి వచ్చేసరికి అది స్త్రీల పని అయింది. ఈ రెండు కథనాలలో ఒకటి నిజం, ఇంకొకటి కల్పన అని తీర్పు చెప్పవలసిన అవసరం నాకు కనిపించదు. ఒకటి పనిముట్టు ఏ దారిన వచ్చిందో చెబుతుంది, రెండవది ఆ పనిముట్టు ముందు కూర్చునే మనిషి తన పనిని ఏమని భావిస్తుందో చెబుతుంది.

ప్యూబ్లోలు ప్రధానంగా నేసింది పత్తి. నవాహో నేతకు రూపం ఇచ్చింది స్పానిష్ వారు తెచ్చిన చుర్రో గొర్రె. కరువు నేలకు ఓర్చుకునే ఈ గొర్రెకు లోపల మెత్తని పొర, పైన పొడవాటి వెంట్రుకల పొర, ఇలా రెండు పొరల బొచ్చు ఉంటుంది. జిడ్డు తక్కువ కాబట్టి నీళ్లు అంతగా దొరకని చోట కూడా ఉన్నిని శుభ్రం చేసుకోవచ్చు. యుక్కా మొక్క వేరును నలగ్గొట్టి నీళ్లలో కలిపితే వచ్చే నురగ ఆ పనికి చాలు. దక్కనీ గొర్రెల ఉన్నితో కురుమలు నేసిన గొంగడిని వానలో కప్పుకున్నవారికి ఇలాంటి ముతక ఉన్ని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఉన్నిని ఏకి, పొడవాటి కదురును తొడ మీద దొర్లిస్తూ వడుకుతారు. పడుగుకు కావలసిన దారాన్ని మళ్లీ మళ్లీ వడికి, తీగలా బిగువెక్కేదాకా మెలితిప్పుతారు. తెలుపు, నలుపు, గోధుమ రంగులు గొర్రె ఒంటి మీదివే. నీలం మెక్సికో వైపు నుంచి వర్తకంలో వచ్చిన నీలిమందు. పసుపు రంగు రాబిట్‌బ్రష్ అనే ఎడారి పొద పూల నుంచి వస్తుంది.

1795లో న్యూ మెక్సికో స్పానిష్ గవర్నరు చాకోన్, నవాహోలు ఉన్నిని తమ స్పానిష్ వారికంటే నాజూకుగా, అభిరుచితో నేస్తారని రాశాడు. పదేళ్లు తిరగకముందే, 1805 జనవరిలో, అంటోనియో నర్బోనా నడిపిన స్పానిష్ దళం కాన్యన్ డి షేకు చీలిక అయిన లోయలో, కొండచరియ కింద గుహలో దాక్కున్నవారిపై కాల్పులు జరిపింది. 115 మందిని చంపినట్టు అతని నివేదికే చెబుతుంది. చనిపోయినవారిలో అధికులు స్త్రీలు, పిల్లలు, వృద్ధులని దినే ప్రజల స్మృతి. ఆ గుహలో మిగిలిన కంబళి ముక్కలే నేడు కాలం కచ్చితంగా చెప్పగలిగిన అతిపాత నవాహో నేతలలో కొన్ని. ఈ కళ చరిత్రను రాసేవారు ఆ ముక్కలను చారల అమరికకు ఉదాహరణగా చూపి ముందుకు సాగిపోతారు. అవి ఎవరి భుజాల మీద ఉండగా ఆ గుహకు చేరాయన్నది కూడా ఆ చరిత్రలో భాగమేనని నా మనవి.

19వ శతాబ్దంలో నేసిన వాటిలో ప్రసిద్ధమైనవి నాయకుల కంబళ్లు. నవాహోలకు అలా కప్పుకునే నాయక పదవి ఏదీ లేదు. యూట్ జాతివారు, మైదాన ప్రాంతాల ఇతర జాతులవారు వీటిని ఎంతో విలువిచ్చి కొనుక్కునేవారు, అంత ఖరీదు వారిలో స్థితిమంతులకే సాధ్యమయ్యేది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇవి పొడవుకంటే వెడల్పు ఎక్కువగా ఉంటాయి. మొదటి దశలో తెలుపు, ముదురు గోధుమ, నీలం రంగుల అడ్డచారలు తప్ప మరేమీ లేదు. రెండవ దశలో చారల మధ్య చిన్న ఎర్రని దీర్ఘచతురస్రాలు వచ్చాయి. మూడవ దశలో అవి మెట్లు మెట్లుగా ఉన్న వజ్రాకారాలుగా పెరిగాయి. భుజాల మీద కప్పుకున్నప్పుడు రెండు అంచులలోని సగం సగం ఆకారాలు ఎదురుగా కలిసి ఒకటవుతాయి, నడిమి వజ్రం సరిగ్గా వీపు మీద నిలుస్తుంది. అంటే అది గోడకు పరచి చూడడానికి వేసిన బొమ్మ కాదు, మనిషి ఒంటి మీద పూర్తయ్యే బొమ్మ. వస్తుప్రదర్శనశాలల గోడల మీద వాటిని చూసేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు.

ఆ ఎరుపు ఎక్కడిది? స్థానికంగా దొరికే రంగులతో అంత నిండు ఎరుపు రాదు. బయెటా అని పిలిచే ఎర్రని ఉన్ని బట్ట యూరప్‌లో తయారై స్పానిష్ వర్తకుల ద్వారా వచ్చేది. నేతగత్తెలు దానిని పోగు పోగుగా విప్పి, ఆ దారంతో నేసేవారు. ఒకసారి నేసిన బట్టను విప్పి మళ్లీ నేయడానికి ఎంత ఓర్పు కావాలో ఊహించుకోవచ్చు. తెలుగు పాఠకులకు ఇందులో మరొక విశేషం ఉంది. ఆ పాత ఎర్ర దారాలకు రసాయన పరీక్షలు చేసినప్పుడు, 1860కి ముందరి వాటిలో చాలా చోట్ల కనిపించింది మెక్సికోలో దొరికే కొచినీల్ పురుగు రంగు ఒక్కటే కాదు, లక్క రంగు కూడా. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కట్టే పొర నుంచి తీసిన రంగు భారతదేశం నుంచి ఓడలలో ఇంగ్లండు చేరి, అక్కడి బట్టకు పట్టి, అట్లాంటిక్ దాటి, స్పానిష్ వర్తకుల మూటలలో ప్రయాణించి, అరిజోనా ఎడారిలో ఒక స్త్రీ వేళ్లలో విడివడి, మళ్లీ నేతలోకి చేరింది. ప్రపంచ వాణిజ్యం అనే మాటకు నాకు తెలిసిన అతి స్పష్టమైన ఉదాహరణలలో ఇది ఒకటి.

1863 వేసవి నుంచి కిట్ కార్సన్ నాయకత్వంలో అమెరికా సైన్యం నవాహోల పంటలను, ఇళ్లను తగలబెట్టి, గొర్రెల మందలను నాశనం చేసింది. ఆకలితో లొంగిపోయినవారిని 1864 నుంచి దాదాపు 500 కిలోమీటర్లు నడిపించి, న్యూ మెక్సికో తూర్పు భాగంలోని బోస్కే రెడోండోలో నిర్బంధించారు. ఎనిమిది వేలమందికి పైగా అక్కడ నాలుగేళ్లపాటు చెడిన నీళ్లతో, పండని పంటలతో, రోగాలతో బతికారు, ఎందరో బతకలేదు. 1868 జూన్ 1న కుదిరిన ఒప్పందంతో వారు తమ నేలకు తిరిగి వచ్చారు. ఆ ఒప్పందంలోనే 15,000 గొర్రెలు, మేకలు కొనివ్వాలన్న షరతు ఉంది. ఒక జాతి తిరిగి నిలదొక్కుకోవడానికి రాసుకున్న పత్రంలో గొర్రెల సంఖ్య ఉండడం వారి జీవితంలో ఉన్నికి ఉన్న స్థానాన్ని తెలుపుతుంది.

తిరిగివచ్చిన తర్వాతి ప్రపంచం వేరు. పెన్సిల్వేనియాలోని జర్మన్‌టౌన్ పేరుతో యంత్రాలు వడికిన, కృత్రిమ రంగులు అద్దిన దారం వచ్చింది. దానితో నేతగత్తెలు ఎరుపు మీద ఆకుపచ్చ, నారింజ, పసుపు రంగుల కోసుకోసుగా ఉన్న వజ్రాలను గుప్పించి, కళ్లు చెదిరే కంబళ్లను నేశారు. అప్పటి అభిరుచిపరులు వాటిని చూసి కళ నాశనమైందన్నారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. జీవితంలో మొదటిసారి అన్ని రంగులు ఒకేసారి చేతికి అందినప్పుడు ఆ స్త్రీలు జంకకుండా ఏం చేయగలరో చేసి చూపారు. ఆ ధైర్యం నాయకుల కంబళ్ల నిగ్రహం కంటే తక్కువది కాదు. 1880ల తొలి ఏళ్లలో రైలు న్యూ మెక్సికోలోని గాలప్ పట్టణం మీదుగా వచ్చాక, రైలు పెట్టెలు కూడా నేతలో బొమ్మలుగా కనిపించసాగాయి. నిజమైన దిగజారుడు ఏదైనా జరిగితే అది వర్తకులు కంబళ్లను తూకానికి కొన్నప్పుడు జరిగింది. బరువుకు డబ్బు ఇస్తే బరువైన, సరిగా కడగని ఉన్నితో ముతక నేత రావడం సహజం. ఆ తప్పు నేసినవారిది కాదు, కొన్న పద్ధతిది.

రైలుతో పాటు పెండిల్టన్ వంటి మిల్లు కంబళ్లు చవకగా వచ్చి, నవాహోలే వాటిని కప్పుకోవడం మొదలుపెట్టారు. కప్పుకునే నేతకు గిరాకీ పోయింది. తూర్పు తీరపు నగరాల ఇళ్లలో నేల మీద పరచుకోవడానికి రగ్గు కావాలని నవాహో ప్రాంతంలోని వర్తకులు గుర్తించారు. అలా కంబళి మందమై రగ్గుగా మారింది, చుట్టూ అంచుగీత వచ్చింది. 1878లో అరిజోనాలోని గనాడోలో వర్తకశాల తీసుకున్న జాన్ లొరెంజో హబ్బెల్ పాత నమూనాలు, నిండు ఎరుపు కావాలని కోరుకున్నాడు. తనకు నచ్చిన రగ్గుల చిన్న చిన్న చిత్రాలు వేయించి గోడలకు తగిలించాడు. ఆ శాల నేడు జాతీయ చారిత్రక స్థలం, ఆ చిత్రాలు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. క్రిస్టల్ అనే ఊరిలో జె. బి. మూర్ అనే వర్తకుడు ఉన్నిని శుభ్రం చేయించడానికి తూర్పు రాష్ట్రాలకు పంపి, 1903లోనూ 1911లోనూ రగ్గుల జాబితా పుస్తకాలు అచ్చువేసి తపాలాలో అమ్మాడు. తూర్పు దేశాల తివాచీల నడిమి పతకం, కొక్కేల అంచు ఈ కాలంలోనే నవాహో నేతలోకి వచ్చాయి. గనాడో, క్రిస్టల్, టీస్ నాస్ పాస్, వైడ్ రూయిన్స్ అని నేడు రగ్గులకు వాడే పేర్లలో చాలావరకు వర్తకశాలలున్న ఊళ్ల పేర్లే. వర్తకుడు రూపకర్త అని కొందరు, వర్తకుడు దోపిడీదారు మాత్రమే అని కొందరు రాస్తారు. అతను అడిగాడు, ఆమె నేసింది. అడిగినదానికి నేసినదానికి మధ్య ఉన్న దూరంలోనే ఆమె కళ ఉందని నాకు అనిపిస్తుంది.

ఆ దూరం అందరికంటే స్పష్టంగా కనిపించేది టూ గ్రే హిల్స్ నేతలో. చుస్కా కొండల తూర్పు వాలులోని ఈ ప్రాంతపు స్త్రీలు, మిగతా చోట్ల వర్తకులు ఎరుపు అడుగుతున్న కాలంలో, ఎరుపును పక్కన పెట్టారు. తెల్లని, గోధుమరంగు, నల్లని గొర్రెల ఉన్నిని వేరు వేరు పాళ్లలో కలిపి ఏకుతూ, బూడిద రంగు నుంచి లేత ఇసుక రంగు దాకా ఎన్నో ఛాయలు సాధించారు. నలుపును చిక్కబరచడానికే అద్దకం వాడారు. మామూలు రగ్గులో అంగుళానికి 30 నుంచి 50 దాకా పేక పోగులుంటే, 80 దాటిన దానిని టేపెస్ట్రీ అంటారు. ఈ ప్రాంతపు డైసీ టాగెల్చీ నేతలో అవి 100 దాటాయి. అంత సన్నని దారాన్ని కదురు మీద తెగకుండా వడకడమే ఒక జీవితకాలపు సాధన. 2004లో అమెరికా తపాలా శాఖ ఆమె నేతను బిళ్ల మీద అచ్చువేసింది.

పాత రగ్గులలో స్వస్తికాన్ని పోలిన గుర్తు చూసి మనవారు ఆశ్చర్యపోతారు. నవాహోలకు అది సుడిలో తిరిగే దుంగల గుర్తు. బోలు దుంగలో నదిలో ప్రయాణించిన ఒక వీరుడు దేవతల దగ్గర విద్యలు, విత్తనాలు పొందిన గాథకు చెందినది. హిట్లర్ జెండా మీద దానిని చూశాక, 1940లో నవాహో, హోపి, అపాచీ, పాపగో జాతుల ప్రతినిధులు ఆ గుర్తును ఇకపై తమ చేతిపనులలో వాడబోమని సంతకాలు చేశారు. అదే గాథకు చెందిన ఇసుక చిత్రాన్ని పాటలతో చికిత్సా క్రతువులు జరిపే హస్తీన్ క్లా అనే వైద్య గాయకుడు మగ్గం మీద నేశాడు. చికిత్సా క్రతువు ముగియగానే చెరిపివేయవలసిన పవిత్ర చిత్రాన్ని చెరగని ఉన్నిలో నేయడం తోటివారిలో చాలామందికి భయం, అభ్యంతరం కలిగించింది. అయినా ఆ జ్ఞానం తనతో అంతరించిపోకూడదని అతను కొనసాగించాడు. 1937లో సాంతా ఫేలో మేరీ కాబట్ వీల్‌రైట్‌తో కలిసి నెలకొల్పిన వస్తుప్రదర్శనశాలలో ఆ సంపద నిలిచింది.

1930లలో మరో దెబ్బ తగిలింది. మేత భూములు కోతకు గురవుతున్నాయన్న కారణంతో, జాన్ కొల్లియర్ నాయకత్వంలో, ఆదిమ జాతుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ గొర్రెలను, మేకలను బలవంతంగా తగ్గించింది. ఎన్నో చోట్ల వాటిని యజమానుల కళ్లెదుటే కాల్చి చంపారు. మంద చాలావరకు స్త్రీల ఆస్తి కావడంతో, ఆ నష్టం నేరుగా వారిదైంది. అంతకుముందే మాంసం కోసం తెచ్చిన వేరే జాతులతో సంకరం జరిగి, పొట్టి, జిడ్డు ఉన్ని వచ్చి, చేతితో వడకడం కష్టమైంది. 1970ల నాటికి అసలైన చుర్రో గొర్రెలు 500 కంటే తక్కువే మిగిలాయి. 1977లో యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన లైల్ మెక్‌నీల్ వాటిని వెతికి కూడబెట్టి, మళ్లీ మందలుగా పెంచే పని మొదలుపెట్టాడు. ఆ గొర్రెలు మళ్లీ నవాహో కుటుంబాల దొడ్లకు చేరాయి, ఆ ఉన్నితో నేడు నేస్తున్నారు.

ఇక డబ్బు సంగతి. 1973లో నవాహో కమ్యూనిటీ కాలేజీ చేసిన లెక్క ప్రకారం మూడు అడుగుల వెడల్పు, అయిదు అడుగుల పొడవు ఉన్న రగ్గుకు 345 గంటలు పట్టింది: ఉన్ని కత్తిరించి సిద్ధం చేయడానికి 45, వడకడానికి 24, రంగులకు 60, నేయడానికి 215, అమ్మడానికి ఒక్క గంట. ఈ గంటలతో వచ్చిన ధరను భాగించి చూసిన ఎవరికైనా ఆ కూలి ఎంత తక్కువో తెలుస్తుంది. మరోవైపు, 2012లో కాలిఫోర్నియాలో ఒక మొదటి దశ నాయకుని కంబళి వేలంలో 18 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దానిని నేసిన స్త్రీ పేరు ఎవరికీ తెలియదు. పాత కంబళ్ల పక్కన సేకరించిన వారి పేరు, దానం చేసినవారి పేరు ఉండి, నేసినవారి పేరు లేకపోవడం నన్ను ప్రతిసారీ బాధిస్తుంది.

నకళ్ల విషయంలో మనకూ కొంత బాధ్యత ఉంది. నవాహో నమూనాలతో చవక రగ్గులు మెక్సికో నుంచి, భారతదేశం నుంచి కూడా అమెరికా బజారుకు వెళుతున్నాయి. భారతీయ నేతగాడి కూలి కూడా పెద్దదేమీ కాదు, అతని పనితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. కాని దానికి నవాహో పేరు తగిలించి అమ్మడం, మంగళగిరి పేరుతో ఎక్కడో మరమగ్గం మీద నేసిన చీరను అమ్మడం లాంటి అన్యాయమే. 1990 నాటి చట్టం ప్రకారం ఆదిమ జాతులవారు చేయని వస్తువును వారు చేసినట్టు చెప్పి అమ్మడం అమెరికాలో నేరం. అయితే ‘నవాహో తరహా’ అన్న మాట వెనుక దాక్కునే అమ్మకాలు ఆగలేదు. కొనదలచినవారు న్యూ మెక్సికోలోని క్రౌన్‌పాయింట్‌లో 1968 నుంచి జరుగుతున్న రగ్గుల వేలం వంటి చోట్లకు వెళ్లడం మేలు. అక్కడ నేసినవారే తమ రగ్గులను తెచ్చి అప్పగిస్తారు. అలాంటి చోట కొన్న రగ్గు విషయంలో నేసినవారి పేరు, ఊరు, ఆ ఉన్ని ఏ గొర్రెదో అడిగి తెలుసుకుని, ఆ వివరాలను రగ్గుతో పాటే భద్రపరచడం కొన్నవారు చేయగలిగిన పని.